వోటు లేని పురము

వోట్ల లెక్కింపు పద్ధతి న్యాయమైనదా కాదా యని పత్రికలయందును సభలయందును చర్చ సాగుచున్నది. ఆ చర్చ యక్కరలేనిదని మేమనము. 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు నూటికి 39 వోట్లకు పైగా పొందిన పక్షమునకు 175 స్థానములలో 11 మాత్రమే దక్కినవి. అదే సంవత్సరము తెలంగాణమున లోక్‌సభ యెన్నికలలో నూటికి 16 వోట్లకు మించి పొందిన పక్షమునకు 17 స్థానములలో ఒక్కటియు రాలేదు. ఆ పక్షములపై మాకు ప్రేమయు లేదు, ద్వేషమును లేదు. వేసిన వోట్లలో చాలభాగము నేలపాలైనదని మాత్రము కూడికలు తీసివేతలు తెలిసినవారెల్లరును ఒప్పుకొందురు. దామాషా పద్ధతి కావలెనని కొందఱు, ఉన్న పద్ధతియే స్థిరమైన ప్రభుత్వమునిచ్చునని కొందఱు వాదించుచున్నారు. వాదింపనిండు. కాని వేసిన వోటును ఎట్లు లెక్కింపవలెనను ప్రశ్నకు ముందు, అసలు వోటు వేయనిచ్చుచున్నారా యను ప్రశ్న యొకటి యున్నది. ఆ ప్రశ్న మా మందమర్రిది.

కాజీపేటనుండి బల్లార్షకు పోవు రైలుదారిలోని యీ యూరు బొగ్గుమీద పెరిగినది. కల్యాణిఖని యను ముచ్చటైన పేరుగల గనులు తెరచిన పిదప నలుదిక్కులనుండి జనము వచ్చి చేరిరి. 2011 జనగణనము నాటికే జనసంఖ్య 50 వేలు దాటినది. పురపాలక సంఘమను పేరు కలదు. దానికి కార్యాలయము కలదు, కమిషనరు కలరు, ఇంటిపన్ను కట్టినవారికి రసీదు ఇచ్చుదురు. లేనిది సంఘమే. పాతికేండ్లకు పైబడి యీ పురమునకు ప్రజలెన్నుకొన్న పాలకవర్గము లేదు. ప్రత్యేకాధికారులు వచ్చుచున్నారు, పోవుచున్నారు. 2020 జనవరిలో రాష్ట్రమందలి 120 పురపాలక సంఘములకు ఎన్నికలు జరిగినవి. మాకు కూతవేటు దూరములోనున్న క్యాతనపల్లి వోటు వేసినది, బెల్లంపల్లి వేసినది. మందమర్రి, పాల్వంచ, మణుగూరు వేయలేదు. అదే బొగ్గు, అదే కంపెనీ, అదే దుమ్ము. పొలిమేర దాటినంతనే పౌరుడు వేఱగుచున్నాడు.

పౌరశాస్త్రము చెప్పు ఉపాధ్యాయుడు సెలవు పెట్టిన దినమున ఆ తరగతి మా పాల బడినది. పురపాలక సంఘముయొక్క నిర్మాణము ఆనాటి పాఠము. పురమును వార్డులుగా విభజింతురనియు, ఒక్కొక్క వార్డునుండి ఒక సభ్యుని పౌరులు ఎన్నుకొందురనియు, ఆ సభ్యులు తమలో ఒకరిని అధ్యక్షునిగా ఎన్నుకొందురనియు పుస్తకములో నున్నదానిని చదివితిమి. వెనుకబల్లమీది బాలిక లేచి, "సార్, మా వార్డు మెంబరు ఎవరు?" అని అడిగినది. "మనకు లేరమ్మా" అంటిమి. "మరి మొన్న మా అమ్మ, నాన్న ఓటేసిండ్రు కద?" అని మరల ప్రశ్న. వారు వేసినది శాసనసభకు అని చెప్పితిమి. ఆ పిల్ల కొంతసేపు ఆలోచించి, "మరి మా గల్లీకి ఎందుకు లేదు సార్?" అన్నది. సంస్కృత వ్యాకరణము చెప్పగలము, షేక్స్పియరును చెప్పగలము. ఆ పిల్లకు మాత్రము ఆనాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. ఈ వ్యాసము ఆమెకు ఆలస్యముగా చెప్పుచున్న సమాధానమని చదువరులు గ్రహింతురు గాక.

మా యూరివారికి వోటు వేయుట చేతగాదని ఎవ్వరును అనజాలరు. 2023 నవంబరు 30న గని కార్మికుడు శాసనసభకు వోటు వేసెను. డిసెంబరు 27న సింగరేణి గుర్తింపు సంఘపు ఎన్నికలో రహస్యముగా వోటు వేసెను. 2024 మే 13న లోక్‌సభకు వేసెను. ఆరు మాసములు తిరుగకముందే మూడు వోట్లు. నడిమిదానిని గూర్చి ఒక మాట చెప్పి ముందునకు సాగెదము. 1998నుండి జరుగుచున్న యీ గుర్తింపు ఎన్నికలలో 2023లో 40 వేలకు కొంచెము తక్కువమంది వోటర్లుండిరి. వారిలో నూటికి తొంబదిమందికి పైగా వోటు వేసిరి. ఏరియాల లెక్క చూచినచో ఐ.ఎన్.టి.యు.సి. కి ఒకటి హెచ్చు. మొత్తము వోట్ల లెక్కలో ఏ.ఐ.టి.యు.సి. సుమారు రెండువేల వోట్లతో ముందు నిలిచినది. కంపెనీ అంతటికిని గుర్తింపు మొత్తము వోట్లు ఎక్కువ వచ్చినవారికే దక్కినది. ఢిల్లీలో పండితులు తలలు పగులగొట్టుకొనుచున్న ప్రశ్నకు బొగ్గుబావిలో ఒక విధమైన పరిష్కారము నడచుచున్నదన్నమాట. ఒప్పందపు కార్మికులకు ఆ వోటు లేదు. అది వేఱొక వ్యాసమునకు తగిన దుఃఖము.

దేశపు ప్రధానిని నిర్ణయించు సభకు సభ్యుని పంపుటకు తగినవాడు, తన సంఘమును తాను ఎన్నుకొనుటకు తగినవాడు, తన వీధిదీపమును గూర్చి నిర్ణయించుటకు మాత్రము తగడు! ఈ వింతకు కారణమేమి?

కారణము రాజ్యాంగములోనే యున్నది. 1993 జూన్ 1న అమలులోనికి వచ్చిన 74వ సవరణము పురపాలక సంఘములకు అయిదేండ్ల కాలపరిమితి విధించినది. గడువు ముగియకముందే ఎన్నిక జరుగవలెను. నడుమ రద్దు చేసినను ఆరు మాసములలో జరుగవలెను. ఎంత చక్కని నియమము! కాని 243-జడ్.సి. అధికరణము, ఈ భాగము షెడ్యూల్డు ప్రాంతములకు వర్తింపదని చెప్పుచున్నది. మందమర్రి షెడ్యూల్డు ప్రాంతములోనిది. అదే అధికరణము మూడవ ఖండములో, తగిన మార్పులతో ఈ నియమములను షెడ్యూల్డు ప్రాంతములకు విస్తరింపజేయుచు పార్లమెంటు చట్టము చేయవచ్చుననియు, దానిని రాజ్యాంగ సవరణముగా ఎంచనక్కరలేదనియు గూడ చెప్పుచున్నది. అనగా తలుపు వేసినవారే తాళపుచెవిని గూడ అక్కడనే వ్రేలాడదీసిరి. సామాన్యమైన మెజారిటీతో తీయదగిన తాళము.

పల్లెలకును ఇట్టి మినహాయింపే యుండెను. అచ్చట పార్లమెంటు ఊరకుండలేదు. దిలీప్ సింగ్ భూరియా అధ్యక్షతన నియమించిన సంఘము నివేదిక నిచ్చినది. 1996 డిసెంబరులో, 'పెసా' యని వాడుకలోనున్న పంచాయతీల విస్తరణ చట్టము వచ్చినది. దాని ప్రకారము షెడ్యూల్డు ప్రాంతములోని పంచాయతీలలో సగమునకు తక్కువగాకుండ స్థానములు షెడ్యూల్డు తెగలవారివి. అధ్యక్షపదవులన్నియు వారివే. 2019లో తెలంగాణమందలి ఏజెన్సీ పల్లెలు సర్పంచులను ఎన్నుకొన్నవి. భూరియా సంఘము పట్టణములను గూర్చి గూడ 1995లోనే వేఱొక నివేదిక ఇచ్చియుండెను. దానిపై 2001లో పార్లమెంటున ఒక బిల్లును ప్రవేశపెట్టిరి. స్థాయీసంఘమునకు పంపిరి. నేటికిని అది చట్టము కాలేదు. ఈ నడుమ కేంద్రమున ఏ పక్షము పాలింపలేదు? అందఱును పాలించిరి. మిశ్రమ ప్రభుత్వములు వచ్చినవి, ఒంటరి మెజారిటీలు వచ్చినవి. అర్ధరాత్రి మేల్కొని చట్టములు చేసిన సభలకు ఈ చిన్న బిల్లునకు మధ్యాహ్నపు వేళ ఒక గంట దొరకలేదు.

మా తర్కశాస్త్రములో అభావము నాలుగు విధములని చెప్పుదురు. కుండ పుట్టకమునుపు మట్టిలో కుండ లేకపోవుట ప్రాగభావము. అది ఎంతకాలమైన నుండవచ్చును గాని కుండ పుట్టినంతనే తీరిపోవును. గాలికి రూపము లేకపోవుట అత్యంతాభావము. అది ఎన్నటికిని తీరదు. మందమర్రికి ఎన్నికలు లేకపోవుట ప్రాగభావమేనని ప్రభుత్వములు చెప్పుచున్నవి. "ఇంకను జరుగలేదు, జరుగును, న్యాయపరమైన చిక్కు లున్నవి." ఇరువదియైదేండ్లు మీరిన పిదప ప్రాగభావమునకును అత్యంతాభావమునకును భేదమెట్లు తెలియును? గౌతముని శిష్యులైనను తికమకపడుదురు.

ఇక మాతో విభేదించువారి మాటలను విందము. అందులో మొదటిది గౌరవింపదగినది. ఈ భూమి ఆదివాసులది. గోండులు, కొలాములు, నాయకపోళ్లు ఉండిన యడవిలో బొగ్గు బయటపడినది. బొగ్గువెంట మేము వచ్చితిమి. గిరిజనేతరులు సంఖ్యలో హెచ్చు. ఎన్నికలు పెట్టినచో వారే గద్దెనెక్కి, పురపాలనపు అధికారముతో మిగిలిన భూమిని గూడ మింగుదురు. కావున ఎన్నికలు లేకుండుటయే ఆదివాసికి రక్ష. ఇది వాదము.

ఇందలి మొదటి భాగమును మేము తలవంచి అంగీకరించుచున్నాము. మా తండ్రులు వచ్చిన తెరవును మేము మరువలేదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని గట్టిపరచిన 1970 నాటి ఒకటవ నిబంధనయు లేకుండినచో ఏజెన్సీలో ఆదివాసికి నిలువ నేల మిగిలెడిది కాదు. ఉండియు ఎంత మిగిలినదో అందఱెఱుగుదురు. కాని మేమడుగునది యిది. ఈ పాతికేండ్లలో ఎన్నికలు లేకుండుటవలన ఆదివాసికి ఒనగూడిన రక్ష యేది? ఊరు పెరుగుట ఆగినదా? ఇండ్లు వెలయుట ఆగినదా? కార్యాలయమున ఆదివాసి మాట వినవలసిన నిర్బంధము ఎవ్వరికైన నేర్పడినదా? ఎన్నికయుండి, పెసాలో వలెనే సగము స్థానములును అధ్యక్షపీఠమును ఆదివాసులకు నిలిపినచో, కుర్చీలో కూర్చుండి సంతకము చేయువాడు ఆదివాసియై యుండును. ఎన్నిక లేనిచో సంతకము చేయువాడు బదిలీమీద వచ్చిన యధికారి. ఏది రక్ష? ఆదివాసి పేరు చెప్పి ఆదివాసికి గూడ వోటు లేకుండ చేసిన వ్యవస్థను ఆదివాసి రక్షణ మనుట, ఆకలిగొన్నవానికి విషమున్నదేమోనని విస్తరి యెత్తివేసి మరల వడ్డింపకపోవుట వంటిది.

ఇచ్చట మా పక్షమువారితోనే మాకు తగవు కలదు. పట్టణమున కొందఱు పెద్దమనుష్యులు, మందమర్రిని షెడ్యూల్డు ప్రాంతమునుండి తొలగించినచో చిక్కంతయు విడిపోవునని చెప్పుచుందురు. అయిదవ షెడ్యూలులోని 6వ పేరా ప్రకారము రాష్ట్రపతి అట్లు చేయవచ్చును, నిజమే. కాని వోటుకొఱకు పెట్టిన యీ మొఱలో భూమికొఱకైన యాశ దాగియున్నది. తొలగించిన మఱునాడు వోటు వచ్చునో రాదో గాని, రిజిస్ట్రారు కచేరీముందు వరుస మాత్రము తప్పక నిలుచును. మా కోరిక అది కాదు. భూమికి సంబంధించిన నిబంధనలో ఒక్క యక్షరమును కదల్పవలదు. అధ్యక్షపదవి ఆదివాసి కగుట మాకు నష్టమని తలచువారు, తాము కోరుచున్నది స్వపరిపాలనమో స్వజనపరిపాలనమో తేల్చుకొనవలెను. మాలో చాలమంది ఈ వాక్యమువద్ద మొగము చిట్లింతురని ఎఱుగుదుము.

రెండవ యాక్షేపము కంపెనీని గూర్చినది. క్వార్టర్లు, నీరు, రోడ్లు, దవాఖానా అన్నియు సింగరేణియే చూచుచుండగా కౌన్సిలర్లతో పనియేమి అని. కంపెనీ కాలనీలలో నున్నవారికి ఇది కొంతవరకు సత్యము. కాని 1990 ప్రాంతమున లక్షకు మించియుండిన కంపెనీ కార్మికులు నేడు 40 వేలకు దిగిరి. క్వార్టరు ఉద్యోగముతో వచ్చి ఉద్యోగముతో పోవును. దిగిపోయిన కార్మికుడు బస్తీలో రెండుగదుల యిల్లు కట్టుకొని కూర్చున్నాడు. అతని కుమారుడు ఒప్పందపు కూలి. కూరగాయల దుకాణమువాడు, ఆటోవాడు, కుట్టుపనిచేయు వితంతువు — వీరెవ్వరును కంపెనీ లెక్కలో లేరు. వీరికున్నది పురపాలకమొక్కటే. ఆ పురపాలకమునందు వీరికి నోరు లేదు. ఏటేటను కంపెనీ యూరు చిన్నదగుచు బస్తీ పెద్దదగుచున్నది. పాతవాదము ఆనాటి క్వార్టర్లతోపాటు శిథిలమైనది.

మూడవది తఱచుగా చదువుకొన్నవారి నోటనే వినుచుందుము. కౌన్సిలర్లు లంచగొండులగుదురు, అధికారియే మేలు అని. కొందఱధికారులు ఉత్తములుగా వచ్చుట నిజము. ఉత్తముడైన యధికారి బదిలీయై పోవునప్పుడు మేము దండలువేసి పంపుటకంటె ఏమియు చేయజాలము. చెడ్డవాడు వచ్చినను ఆతని బదిలీకొఱకు దేవుని ప్రార్థించుటకంటె ఏమియు చేయజాలము. కౌన్సిలరు దొంగయైనచో అయిదేండ్లకు మరల మా వాకిటికి రావలెను. ఆతడు మా వీధిలోనే యుండును, ఆతని భార్య మా యాడువారు నీళ్లు పట్టుకొను కుళాయివద్దనే కనబడును. ఈ భయము ఎంత స్వల్పమైనను ఏ ప్రత్యేకాధికారికిని లేని భయము. మఱియొకటి. రాజ్యాంగము పురపాలక స్థానములలో మూడవవంతునకు తక్కువగాకుండ స్త్రీలకిచ్చినది. క్యాతనపల్లిలో స్త్రీలు సభలో కూర్చుండిరి. మందమర్రిలో ఒక తరము స్త్రీలకు ఆ వాకిలియే తెరవలేదు. ఎన్నికయైన సభ్యులు లేనందున శాసనమండలిలోని స్థానిక సంస్థల స్థానమునకు వోటు వేయుటలోను ఈ పురమునకు భాగము లేదు. ఒక వోటు పోయినచో దానివెంట ఎన్ని పోవునో చూడుడు.

చట్టము లేనిదే ఎన్నిక యెట్లు జరుగును అని అడుగువారికి రాంచీని చూపవలసియున్నది. రాంచీయు షెడ్యూల్డు ప్రాంతమే. అచ్చటి నగరపాలక సంస్థకు 2008లోను, 2013లోను, 2018లోను ఎన్నికలు జరిగినవి. మేయరు పదవిని షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకించిరి. రాంచీలో జరిగినది రాజ్యాంగసమ్మతమైనచో మందమర్రిలో ఏల కాదు? సమ్మతము కానిచో రాంచీలో ఏల జరిగినది? ఒకే రాజ్యాంగము ఛోటానాగపురమున ఒక యర్థమును, గోదావరి తీరమున మఱియొక యర్థమును చెప్పునా? ఈ సందిగ్ధమును పోగొట్టుటకే పార్లమెంటు చట్టము కావలయునని మేమనుచున్నాము. రాష్ట్రముల దయాదాక్షిణ్యములకు విడిచిన హక్కు హక్కు కాదు.

ఇంగ్లండు చరిత్రము చదివినవారికి మాంచెస్టరు కథ తెలియును. యంత్రములతో, పొగగొట్టములతో, వేలకొలది కార్మికులతో నిండిన ఆ పట్టణమునకు 1832 వఱకును పార్లమెంటున తన సభ్యుడు లేడు. ఓల్డ్ సారమ్ అను పాడుబడిన దిబ్బకు మాత్రము ఇద్దఱు సభ్యులుండిరి. దానిని సమర్థించిన పండితులును ఆనాడు కొఱతపడలేదు. పూర్వాచారమనిరి, స్థిరత్వమనిరి, తొందరపడవలదనిరి. మాంచెస్టరువారు ఊరక కూర్చుండలేదు గనుక 1832లో సభ్యులను, 1838లో పురపాలక సంఘమును సంపాదించిరి. మన దేశమున స్థానిక స్వపరిపాలనమును గూర్చి రిప్పన్ ప్రభువు తీర్మానము వెలువడినది 1882లో. పరాయి ప్రభువు పట్టణవాసులకు నేర్పదలచిన పాఠమును మనవారు మనకు ఏండ్లకొలది వాయిదా వేయుచున్నారు.

ఈ వాయిదా ఎవరికి లాభము? మేమొక వ్యక్తిని గాని ఒక పక్షమును గాని వేలుపెట్టి చూపము. లాభము పదవిలోనే యున్నది, అందెవరు కూర్చున్నను సరియే. వార్డు సభ్యులు లేని యూరిలో మురుగుకాలువ పూడికనుండి వృద్ధాప్య పింఛనువఱకు ప్రతి మొఱయు పై నాయకుని యింటికే చేరవలెను. ప్రతి మేలును ఆతని కటాక్షమే యగును. నడుమ లెక్క యడుగు ఇరువదిముప్పది నోళ్లు లేవు. గెలిచినవారికి ఇది హాయి. ఓడినవారును రేపు గెలిచెదమను నాశతో మౌనము వహింతురు. ఎన్నికల వేళ మాత్రము మందమర్రికి మునిసిపల్ ఎన్నికలు తెప్పించెదమని వేదికలమీద వాగ్దానములు వర్షించును. ఆ వానకు మా చెఱువెన్నడును నిండలేదు.

మేము కోరునది గొప్పది కాదు. 243-జడ్.సి. అధికరణము మూడవ ఖండము క్రింద పార్లమెంటు చట్టము చేయవలెను. అందు పెసాలోని కట్టుబాట్లు పట్టణములకు తగినట్లు చేరవలెను. ఆదివాసులకు స్థానములును, అధ్యక్షపదవియు, భూమివిషయమున వారి సమ్మతి లేనిదే కదలరాని కట్టడియు ఉండవలెను. రాష్ట్రప్రభుత్వము అంతవఱకు చేతులు ముడుచుకొననక్కరలేదు. అయిదవ షెడ్యూలు ప్రకారము తెగల సలహామండలి ముందు ఈ విషయము నుంచవచ్చును. ఒక చట్టము ఆ ప్రాంతమున ఎట్టి మార్పులతో వర్తింపవలెనో చెప్పు నధికారము గవర్నరునకు కలదు. ఆదివాసి సంఘములవారిని, బస్తీలవారిని, కార్మికసంఘములవారిని ఒకచోట కూర్చుండబెట్టి మాటలాడింపవచ్చును. ఆ సమావేశమునకు ఏ చట్టమును అడ్డుకాదు. కార్మికసంఘముల నాయకులతో మా మనవి ప్రత్యేకము. గని లోపల వోటుకొఱకు పోరాడి సాధించినవారు గని వెలుపల దానిని మరచుట తగునా? 2023 డిసెంబరు నాటి మీ ప్రణాళికలలో క్వార్టర్లుండినవి, ఆదాయపుపన్ను ఉండినది, వారసుల ఉద్యోగములుండినవి. మందమర్రి వార్డు వోటు మాకు కనబడలేదు.

పెద్దపల్లి లోక్‌సభ స్థానమునకు గాని, చెన్నూరు శాసనసభ స్థానమునకు గాని నిలుచువారు మరల మా వీధులకు వత్తురు. అప్పుడు వారిని రోడ్డు అడుగవలదు, దీపము అడుగవలదు. 2001లో వచ్చిన ఆ బిల్లు ఏమైనదని అడుగుడు. దానిని మరల ప్రవేశపెట్టించెదనని వ్రాసి సంతకము చేయుమనుడు. ఆ కాగితమును మా బడికి తెచ్చి యిచ్చినచో, ఆ బాలిక తరగతిగది గోడకు అంటించుటకు మేము సిద్ధముగా నున్నాము.